కరోనా సమయంలో రిమాండ్ ఖైదీలను నిజంగా వదిలారా?

వదిలారు. కానీ గేటు తీసి ఇంటికి పొమ్మన్నారని అనుకోకండి. మా తమ్ముడి విషయంలో ఎలా జరిగిందో చెప్తాను.

మాది టెక్కలి దగ్గర పల్లెటూరు. 2021 ఏప్రిల్ ఆఖర్లో వీధిలో కొట్లాట అయింది. వాడు ఆ రోజు ఊళ్లోనే లేడు. ఫిర్యాదులో "మరికొందరు" అని రాసి ఉంది, ఆ మరికొందరిలో వాడిని కలిపేశారు. అన్నీ ఏడేళ్ల లోపు శిక్ష పడే సెక్షన్లే. అలాంటప్పుడు, అప్పటి సీఆర్‌పీసీ చట్టం ప్రకారం, ముందు విచారణకు రమ్మని 41ఏ నోటీసు ఇవ్వాలి, అరెస్టు చేస్తే ఎందుకో రాయాలి. నోటీసూ లేదు, గీటీసూ లేదు. నేరుగా రిమాండే.

ములాఖత్‌లు ఆపేశారు. "గుంటడు ఏటి తిన్నాడో, జొరమొచ్చిందో ఏటో" అని అమ్మ ఒకటే గోల. నాలుగో రోజు ఒక వార్డరు దయతలచి ఫోన్ చేయించాడు. ఎవరైనా దగ్గితే బ్యారక్ మొత్తం లేచి కూర్చుంటోందని చెప్పాడు తమ్ముడు. అమ్మకి ఆ మాట చెప్పలేదు.

2020 మార్చి 23న రాష్ట్రానికో హైపవర్డ్ కమిటీ వేసి ఎవరిని వదలాలో తేల్చమని సుప్రీంకోర్టు చెప్పింది. 2021 మే 7న మళ్లీ చెప్పింది, అనవసర అరెస్టులు వద్దని కూడా. పేపర్లో చదివి ఇవాళో రేపో వచ్చేస్తాడనుకున్నాం. వారమైనా ఎవరూ కదల్లేదు. చివరికి జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఇచ్చిన లాయరు పిటిషన్ వేశారు. కస్టడీలో ఉన్నవాళ్లకి ఆదాయంతో పని లేకుండా లాయరును ఉచితంగా ఇస్తారు, 15100కి ఫోన్ చేస్తే చాలు.

బెయిల్ వచ్చాక అసలు టెన్షన్ మొదలైంది. ఇద్దరు షూరిటీలు కావాలన్నారు. పన్నెండు దాటితే కర్ఫ్యూ. శ్రీకాకుళం వెళ్లి ఆలోపు తిరిగి రావాలి. కాగితాలు ఇవ్వాల్సిన ఆఫీసులో సగం మందికి కరోనా. బెయిల్ ఉండి కూడా తొమ్మిది రోజులు లోపలే ఉన్నాడు. సొంత పూచీకత్తు మీద వదలమని లాయరు మళ్లీ అడిగితే గానీ బయటికి రాలేదు. మీరైతే మొదటి పిటిషన్‌లోనే అది అడిగించండి.

పెద్ద సెక్షన్లు పెట్టినవాళ్లకి, నేరం రుజువు కాకపోయినా, కరోనా పేరుతో బయటికొచ్చే దారి దాదాపు మూసే ఉండేది. ఆదివాసీల హక్కుల కోసం పనిచేసి, ఉపా (ఉగ్రవాద నిరోధక చట్టం) కేసులో జైలుకెళ్లిన ఫాదర్ స్టాన్ స్వామికి 84 ఏళ్లు, చేతులు వణికే పార్కిన్సన్స్ జబ్బు. గ్లాసు పట్టుకోలేక స్ట్రా ఉన్న కప్పు కోసం కోర్టుకెక్కాల్సి వచ్చింది. బెయిల్ రాకుండానే 2021 జూలై 5న పోయారు.

మావాడిని పద్నాలుగు రోజులు పశువుల శాలలో మంచం వేసి ఉంచాం. ఏడాదికి ఛార్జిషీటు వచ్చింది. అందులో వాడి పేరు లేదు.