పునాది తవ్వుతుంటే పాత ఇటుకలు తేలాయి, ఏం చెయ్యాలి? – పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: నమస్తే అండి. విశాఖ పక్క ఆనందపురం దగ్గర మాకు కొంచెం స్థలం ఉంది, అపార్ట్‌మెంట్ కడదామని సెల్లార్ తవ్విస్తున్నాం. ఐదారడుగులు దిగాక ఒక మూల జేసీబీకి పెద్ద పెద్ద ఇటుకలు వరసగా తగిలాయి, వాటి పక్కనే ఎర్రవి, నల్లవి కుండ పెంకులు. మేస్త్రీ ఏమో ఎవరికీ చెప్పకండి, రాత్రికి రాత్రి తీసి పడేద్దాం అంటున్నాడు. మా మావయ్యగారైతే గవర్నమెంటుకి తెలిస్తే స్థలం పోయినట్టే అంటున్నారు. బ్యాంకు లోను నడుస్తోంది, టెన్షన్‌గా ఉంది. ఏం చెయ్యమంటారు?
– ఒక పాఠకుడు, ఆనందపురం

జవాబు: ముందు జేసీబీ ఆపించండి, మిగతాది తర్వాత మాట్లాడుకుందాం. ఆ ఇటుకల్ని ఒక్కటి కూడా పీకొద్దు, కడగొద్దు, ఇంటికి పట్టుకెళ్ళొద్దు. ఎందుకింత గట్టిగా చెప్తున్నానంటే, పురావస్తు వాళ్ళకి ఇటుక కంటే ఆ ఇటుక ఎక్కడ ఉంది, ఏ మట్టి పొరలో ఉంది, దాని పక్కన ఏముంది అన్నదే ముఖ్యం. కింద పొర పాతది, పై పొర కొత్తది, ఒక పొరలో నాణెం దొరికితే ఆ పొరలో ఉన్న పెంకులకీ గోడకీ కాలం చెప్పొచ్చు, అదే నాణెం మట్టికుప్పలోంచి తీసిస్తే నాణెం గురించి తప్ప ఇంకేం చెప్పలేం. దొంగతనం జరిగిన ఇంట్లో పోలీసులు వచ్చేలోపు సామాన్లన్నీ సర్దేస్తే ఎలా ఉంటుందో ఇదీ అంతే.

ఇప్పుడు మీ ఇటుకల సంగతి. ఒకటి కదపకుండానే టేపు పెట్టి కొలవండి. ఇవ్వాళ మనం వాడే ఇటుక తొమ్మిది అంగుళాల పొడవు ఉంటుంది కదా, రెండువేల ఏళ్ళ కిందటి శాతవాహన రాజుల కాలం ఇటుకలు చాలాచోట్ల ఇరవై అంగుళాల దాకా పొడవు, పది అంగుళాల వెడల్పు, మూడంగుళాల మందం ఉంటాయి, ఒక్కొక్కటీ రెండు చేతులతో ఎత్తాలి. పెంకుల్లో లోపలివైపు నలుపు, బయట ఎరుపు ఉన్నవి కనిపిస్తే అవి కూడా చాలా పాత కాలపు గుర్తే. అలాగని కొలత చూసి మీరే ఏదీ తేల్చెయ్యకండి, భీమిలి పక్కనే, అక్కడ డచ్చివాళ్ళు ఉన్నారు, తర్వాత ఇంగ్లీషువాళ్ళు వచ్చారు, పాత ఇటుక అన్నంత మాత్రాన పాత బౌద్ధ కట్టడానిదే అనుకోనక్కర్లేదు. కానీ మీ ఏరియాలో అలా అనుమానించడంలో తప్పేం లేదు. మీకు దగ్గర్లోనే తొట్లకొండ, బావికొండ, భీమిలిలో పావురాలకొండ, ఇటు అనకాపల్లి వైపు శంకరం దగ్గర బొజ్జన్నకొండ, లింగాలకొండ, ఈ తీరమంతా రెండువేల ఏళ్ళ కిందట బౌద్ధ భిక్షువులు ఉన్న చోటు. కొండ మీద అంతమంది ఉన్నారంటే వాళ్ళకి బియ్యం, కుండలు, నూనె ఇచ్చే ఊళ్ళు కింద ఎక్కడో ఉండాలి కదా, ఆ ఊళ్ళ గురించి మనకి తెలిసింది చాలా తక్కువ. మీ సెల్లార్‌లో తగిలింది అలాంటి ఊరి గోడ అయితే అది స్తూపం కంటే తక్కువదేం కాదని నా అభిప్రాయం.

ఫోన్‌తో ఫోటోలు తియ్యండి, ప్రతి ఫోటోలో టేపు గానీ స్కేలు గానీ కనపడాలి, ఉత్తరం ఎటో రాసుకోండి, నేలమట్టం నుంచి ఎంత లోతో రాసుకోండి. ఆ మూల టార్పాలిన్ కప్పించండి, వాన పడితే గోడ విడిపోతుంది. తవ్విన మట్టి ఇప్పటికే లారీల్లో వెళ్ళిపోయిందా? వెళ్తే ఎక్కడ పోశారో కనుక్కోండి, ఆ మట్టిని జల్లెడ పడితే పూసలు, చిన్న నాణేలు దొరకొచ్చు. రాత్రిపూట కాపలా మాత్రం పెట్టండి, గుప్తనిధుల పిచ్చి ఉన్నవాళ్ళకి కబురు తెలిసిందంటే పొద్దున్నకి గొయ్యి తప్ప ఏం మిగలదు.

తర్వాత తహసీల్దార్ ఆఫీసులోనూ, రాష్ట్ర పురావస్తు శాఖకీ ఒక కాగితం రాసిచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. నాణేలు, బంగారం లాంటివి దొరికితే ఇంకో చట్టం ఉంది, 1878 నాటి నిధుల చట్టం, పది రూపాయల విలువ దాటినది ఏది భూమిలో దొరికినా కలెక్టర్‌కి రాతపూర్వకంగా చెప్పాల్సిందే, దాచిపెడితే ఏడాది దాకా జైలు పడొచ్చు, చెప్పినవాడికి మాత్రం వాటా ఉంటుంది. మేస్త్రీ మాట వింటే ఆ కేసు మీ నెత్తి మీదకి కూడా వస్తుంది.

మీ మావయ్యగారి భయం గురించి. నాలుగు ఇటుకలు దొరికాయని స్థలం పోదండి. ఒక చోటుని జాతీయ ప్రాముఖ్యం ఉన్నదిగా ప్రకటించాలంటే 1958 చట్టం ప్రకారం ముందు గెజిట్‌లో రెండు నెలల నోటీసు ఇవ్వాలి, అభ్యంతరాలు చెప్పుకునే హక్కు మీకు ఉంటుంది. అందరూ చెప్పుకునే వంద మీటర్ల నిషేధం, దాని తర్వాత ఇంకో రెండొందల మీటర్ల అనుమతుల జోన్, ఇవి అలా ప్రకటించిన కట్టడాల చుట్టూ వర్తించేవి, 2010 సవరణతో చట్టంలోకి వచ్చాయి. మీ దాంట్లో ఏదో గొప్ప కట్టడం బయటపడితే వేరే సంగతి, లేదంటే వాళ్ళు వచ్చి చూసి, కొలతలు రాసుకుని, అవసరమైతే చిన్న ట్రెంచ్, అంటే పరీక్ష కోసం చిన్న గొయ్యి, వేసి వెళ్ళడమే అవుతుంది. కొన్ని వారాలు లేటు అవ్వొచ్చు, ఆ బాధ నాకు అర్థమవుతుంది, వడ్డీ ఆగదు. అయినా చెప్పండి. స్లాబులు పడ్డాక ఎవరో ఫోటో పెట్టి కోర్టుకి వెళ్తే అప్పుడు ఆగే పని దీనికి పదింతలు ఉంటుంది. ఆ మూల ర్యాంపు పక్కకి జరపడానికి వీలుందేమో మీ ఇంజనీర్‌ని ఇప్పుడే అడిగి ఉంచండి.

ప్రశ్న: మా అబ్బాయి ఇంగ్లండులో కన్‌స్ట్రక్షన్ కంపెనీలో చేస్తున్నాడు. అక్కడ బిల్డింగ్ కట్టేముందే పురావస్తు వాళ్ళు వచ్చి తవ్వి చూస్తారట. మన దగ్గర ఎందుకు లేదు?
– ఒక పాఠకురాలు, మధురవాడ

జవాబు: మీ అబ్బాయి చెప్పింది నిజమేనమ్మా. అక్కడ 1990 నుంచి ప్లానింగ్ పర్మిషన్‌లోనే ఇది కలిసిపోయింది, ఖర్చు కట్టేవాడిదే. మొదట పాత మ్యాపులు, రికార్డులు, విమానం నుంచి తీసిన ఫోటోలు చూసి రిపోర్టు రాస్తారు, తర్వాత అవసరమనిపిస్తే నేల మీద నడుస్తూ పెంకులు ఏరతారు, మట్టి తియ్యకుండానే లోపల గోడలు, గుంటలు ఉన్నాయేమో పసిగట్టే మెషీన్లు తిప్పుతారు, అప్పటికీ అనుమానం ఉంటే స్థలంలో కొంచెం భాగంలో మాత్రం ట్రెంచ్‌లు వేస్తారు. అక్కడా జేసీబీనే వాడతారు, కానీ పళ్ళు లేని వెడల్పాటి బకెట్ తగిలించి పలుచగా మట్టి గీకిస్తారు, పక్కనే ఒకరు నిలబడి రంగు మారిందా అని కళ్ళార్పకుండా చూస్తుంటారు. ఏమీ లేకపోతే పని మొదలు. ఉంటే పునాది డిజైన్ మార్చి కిందది అలాగే వదిలేస్తారు, లేదా పూర్తిగా తవ్వి రికార్డు చేస్తారు. ఫ్రాన్సులో అయితే దీనికి 2001లో ప్రత్యేకంగా చట్టమే చేశారు.

మన దగ్గర రక్షిత కట్టడాల దగ్గర రూల్స్ ఉన్నాయి గానీ, మామూలు లేఅవుట్‌కి కట్టేముందు భూమిని చూడాలన్న నియమం లేదు. ఇదే నాకు చాలా బాధగా ఉండే విషయం, ఎందుకంటే మనకి చేతకాక కాదు. నాగార్జునసాగర్ కట్టేముందు 1954 నుంచి 1960 దాకా పురావస్తు శాస్త్రవేత్త ఆర్. సుబ్రహ్మణ్యం గారి ఆధ్వర్యంలో లోయంతా తవ్వి, ముఖ్యమైన కట్టడాల్ని నాగార్జునకొండ మీదకి, దగ్గర్లోని అనుపుకి తరలించి మళ్ళీ కట్టారు. శ్రీశైలం డ్యామ్ అప్పుడు కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి అలంపురంలో నిలబెట్టారు. అంతెందుకు, మన తొట్లకొండే నేవీ వాళ్ళు బేస్ కోసం విమానంలో సర్వే చేస్తుంటే కనపడింది! తర్వాత రాష్ట్ర పురావస్తు శాఖ తవ్వితే స్తూపాలు, చైత్యాలు (ప్రార్థన మందిరాలు), విహారాలు (భిక్షువుల నివాసాలు), శాతవాహనుల నాణేలతోపాటు రోమన్ వెండి నాణేలు కూడా దొరికాయి. కట్టేముందు చూశారు కాబట్టి మిగిలింది.

ఇప్పుడు విశాఖ చుట్టూ గ్రావెల్ కోసం కొండలు తొలిచేస్తున్నారు, పొలాలు నెలల్లో ప్లాట్లు అయిపోతున్నాయి, పాటి దిబ్బలు ట్రాక్టర్లకి ఎక్కి పోతున్నాయి. పాటి మట్టి పొలానికి బలం అని రైతులు ఎప్పటినుంచో తోలుకుంటున్నారు, అది పాత ఊరు ఉన్న చోటు కాబట్టే ఆ బలం. పెద్ద చట్టం వచ్చేదాకా ఆగక్కర్లేదు, లేఅవుట్ అప్రూవల్‌కి పెట్టే కాగితాల్లో పురావస్తు శాఖ వాళ్ళు ఒక్కసారి స్థలం నడిచి చూశారు అన్న ఒక్క కాగితం చేరిస్తే సగం పని అయిపోతుంది. మీ కాలనీ సంఘం తరఫున ఈ ముక్క అర్జీ పెట్టండి.

ప్రశ్న: డిగ్రీ హిస్టరీ చదువుతున్నాను. తవ్వకాల్లో పని చెయ్యాలని ఉంది. ఏం చదవాలి?
– ఒక విద్యార్థిని, గాజువాక

జవాబు: దూరం వెళ్ళక్కర్లేదు తల్లీ, ఆంధ్రా యూనివర్సిటీలోనే హిస్టరీ అండ్ ఆర్కియాలజీ డిపార్ట్‌మెంట్ ఉంది, పీజీ అక్కడ చెయ్యొచ్చు. ఆ తర్వాత గ్రేటర్ నోయిడాలో ఏఎస్ఐ, అంటే కేంద్ర పురావస్తు శాఖ వాళ్ళ ఇన్‌స్టిట్యూట్‌లో రెండేళ్ళ పీజీ డిప్లొమా ఉంది, దానికి పోటీ ఎక్కువ. ఈలోపు రెండు నేర్చుకో, ఒకటి కొలతలతో బొమ్మ గియ్యడం, రెండు పాత శాసనాల్లో కనిపించే బ్రాహ్మీ లిపి. ఎండలో మోకాళ్ళ మీద కూర్చుని బ్రష్‌తో మట్టి తుడిచే పని ఇది, రోజంతా చేస్తే పెంకు ముక్క తప్ప ఏం దొరకని రోజులే ఎక్కువ, అది తెలిసి రా. సెలవు రోజున బావికొండకి వెళ్ళి ఒక గోడ చూసుకుని, దాన్ని గ్రాఫ్ పేపర్ మీద స్కేలుకి గీసి నాకు పంపు, తప్పులు దిద్ది పంపిస్తాను.