1857లో పట్టుబడిన సిపాయిలు: యుద్ధ ఖైదీలా, నేరస్థులా?

1857 తిరుగుబాటులో పట్టుబడిన సిపాయిలను ఆంగ్లేయులు యుద్ధ ఖైదీలుగా చూశారా, చివరకు వారు ఏమయ్యారు అని మీరు అడిగారు. యుద్ధ ఖైదీలుగా చూడలేదు. కంపెనీ సర్కారు దృష్టిలో వారు శత్రు సైనికులు కారు, ఉప్పు తిని ఎదురు తిరిగిన కొలువువారు. అందువల్ల పట్టుబడిన వారిలో ఎక్కువమందికి ఉరితాడో, ఫిరంగి మూతికి కట్టి పేల్చివేయడమో, ద్వీపాంతరవాసమో మిగిలింది.

ఆ కాలానికి యుద్ధ ఖైదీల గురించి అనేక దేశాలు కలిసి ఒప్పుకున్న రాతపూర్వకమైన నిబంధనలు లేవు, హేగ్ ఒప్పందం 1899లో గాని రాలేదు. అయితే ఖైదీని ఎలా చూడాలో బ్రిటిషువారికి తెలియదని మాత్రం అనలేము. అంతకు మూడేళ్ల ముందు, 1854లో, రష్యాతో జరిగిన క్రిమియా యుద్ధ సమయంలో బోమర్‌సుండ్ కోటలో పట్టుబడిన, రష్యా కొలువులోని ఫిన్లాండ్ సైనికులను ఇంగ్లండులోని లూయిస్ పట్టణానికి తీసుకువెళ్లి ఉంచారు. వారు కొయ్య బొమ్మలు చెక్కి ఊరివారికి అమ్ముకున్నారు, 1856లో యుద్ధం ముగియగానే ఇళ్లకు తిరిగి వెళ్లారు. అక్కడ చనిపోయిన 28 మందికి 1877లో స్మారక స్తంభం నిలిపి, వారి పేర్లు దానిపై చెక్కించారు.

నేను సైన్యంలో పనిచేసి పదవీ విరమణ చేసినవాడిని. అమృత్‌సర్‌లో ఉద్యోగం చేస్తున్న రోజుల్లో, అక్కడికి పాతిక కిలోమీటర్ల దూరంలోని అజ్‌నాలాలో ఒక పాత బావిని తవ్వి అస్థికలు తీశారని తెలిసి, ఒక సెలవు రోజున బస్సెక్కి వెళ్లాను. 2014 ఫిబ్రవరి చివర మొదలైన ఆ తవ్వకంలో కుప్పలు కుప్పలుగా ఎముకలు, పుర్రెలు, నాణేలు బయటపడ్డాయి. అంతకుముందు ఆ బావిపై గురుద్వారా ఉండేదని, తవ్వకం కోసం దానిని పక్కకు మార్చారని ఊరి పెద్ద ఒకాయన నాకు వివరించారు. ఆ అంచున నిలబడిన సేపు నాతో వచ్చిన సహోద్యోగి గాని, నేను గాని నోరు తెరవలేకపోయాము.

అక్కడ జరిగినది ఇది. లాహోర్ దగ్గరి మియాఁమీర్ దండులో ఉన్న 26వ దేశీయ పటాలాన్ని 1857 మే 13న నిరాయుధులను చేశారు. జూలై 30న వారు తిరగబడి, తమ మేజరును చంపి, ఉత్తరంగా రావి నది వైపు పారిపోయారు. జూలై 31న ఏటి ఒడ్డున సుమారు 150 మంది కాల్పులకు, ప్రవాహానికి బలయ్యారు. అలసిపోయి, ఆకలితో నకనకలాడుతూ దొరికిపోయిన 282 మందిని అమృత్‌సర్ డిప్యూటీ కమిషనర్ ఫ్రెడరిక్ కూపర్ అజ్‌నాలా ఠాణాలోను, పక్కనున్న బురుజులోను నిర్బంధించాడు. మరునాడు, అంటే ఆగస్టు 1న, బక్రీదు. పండుగ చేసుకోమని ముస్లిం రౌతులను అమృత్‌సర్‌కు పంపించివేసి, పదిమంది చొప్పున సిపాయిలను బయటికి పిలిపించి, కట్టివేసి కాల్పించాడు. 237 మంది అయ్యాక మిగిలినవారు బయటికి రావడం లేదని తలుపు తెరిపిస్తే, 45 మంది ఊపిరాడక, వేడికి, భయానికి చనిపోయి కనిపించారు. అందరినీ ఆ బావిలోనే వేశారు.

ఇదంతా కూపర్ తానే గర్వంగా రాసి 1858లో ప్రచురించిన కథనం. అందులో ఒక మాట నన్ను ఇప్పటికీ వదలదు: తమకు సైనిక న్యాయస్థానంలో విచారణ జరుగుతుందని ఆ సిపాయిలు నమ్మారట. కూపర్ దానిని వెర్రి ఊహ అన్నాడు. యూనిఫారం వేసుకున్నవాడిగా నాకు అది వెర్రి ఊహగా తోచలేదు. నేరం చేసిన సిపాయిని కూడా విచారించాకే శిక్షించాలన్నది వారికి కంపెనీ సైన్యమే నేర్పిన పద్ధతి. సరిగ్గా జూలై 31నే గవర్నర్ జనరల్ కానింగ్ కలకత్తాలో ఒక తీర్మానం వెలువరించి, తమ అధికారులను చంపిన పటాలాలవారిని, చంపని వారిని వేరుగా చూడాలని ఆదేశించాడు. అధికారిని చంపిన పటాలం కనుక ఆ తీర్మానం వల్ల వీరికి ప్రాణాలు దక్కేవి కావేమో గాని, విచారణ అన్నది వారి హక్కే.

తిరుగుబాటుదారుల చేతికి చిక్కిన వారి గతి కూడా చెప్పకపోతే ఈ జవాబు న్యాయంగా ఉండదు. 1857 జూలై 15న కాన్పూరు బీబీఘర్‌లో బందీలుగా ఉన్న ఆంగ్లేయ స్త్రీలను, పిల్లలను సుమారు రెండు వందల మందిని చంపివేశారు. దానిని నేను సమర్థించను. అయితే ఆ పగను గంగా మైదానపు పల్లెల్లో పుట్టి లాహోరులో కొలువు చేసినవారిపై తీర్చుకోవడాన్ని కూడా సమర్థించలేను.

చావు తప్పినవారిని అండమానుకు పంపారు. 1858 మార్చి 10న మొదటి 200 మంది అక్కడ దిగారు. పారిపోయి మళ్లీ దొరికిన 81 మందిని ఆ శిక్షాస్థావరం అధికారి వాకర్ ఒకే రోజున ఉరితీయించాడు. మన హైదరాబాదులో 1857 జూలై 17న బ్రిటిషు ప్రతినిధి నివాసమైన రెసిడెన్సీపై దాడికి నాయకత్వం వహించిన ఇద్దరిలో మౌల్వీ అల్లావుద్దీన్ అండమానులోనే కన్నుమూశాడు. తుర్రేబాజ్ ఖాన్‌కు కూడా ద్వీపాంతర శిక్షే పడింది గాని, 1859 జనవరిలో చెర నుంచి తప్పించుకుని తూప్రాన్ దగ్గర హతుడయ్యాడు.

అజ్‌నాలా ఎముకలు దేశ విభజన నాటివని కొందరు వాదించారు. హైదరాబాదులోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు పంజాబ్ విశ్వవిద్యాలయం తదితర సంస్థలతో కలిసి ఆ దంతాలను పరీక్షించి, ఆ మృతులు గంగా మైదానానికి చెందినవారని 2022లో ప్రకటించారు. వారు పెరిగిన ప్రాంతం, తిన్న తిండి దంతాలు చెప్పాయి. కాల్చే ముందు ఒక్కొక్కరి పేరూ రాసుకున్నారని కూపర్ చెప్పాడు గాని, ఆ పేర్లు అతని కథనంలో లేవు. మీరు ఎప్పుడైనా అమృత్‌సర్ వెళితే, అజ్‌నాలాలో దిగి ‘షహీదాఁ దా ఖూ’ (అమరుల బావి) ఎక్కడ అని అడగండి, ఎవరైనా దారి చూపిస్తారు.