ఊరంతా ఊరికే ఇచ్చేశారు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మా అక్కావాళ్లు సియాటిల్‌లో ఉంటారు. వాళ్ల లూథరన్ చర్చివాళ్లు ఏటా వేసవిలో కొండల్లో హోల్డెన్ విలేజ్ అనే చోటికి బైబిల్ క్యాంపుకి వెళ్తారట. అదొకప్పుడు రాగి గని అనీ, కంపెనీ ఊరు ఊరంతా చర్చివాళ్లకి ఉచితంగా ఇచ్చేసిందనీ అక్క చెప్తే నమ్మబుద్ధి కాలేదు. నిజమేనా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: నిజమేనమ్మా. కాకపోతే ఆ ‘ఉచితం’ వెనక చాలా కథ ఉంది.

వాషింగ్టన్ రాష్ట్రంలో కాస్కేడ్ పర్వతాల మధ్య షెలాన్ అని సుమారు 80 కిలోమీటర్ల పొడవున్న సరస్సు ఉంది. దాని పైకొండల్లో 1896లో జె.హెచ్. హోల్డెన్ అనే ఆయన రాగి ఖనిజం కనిపెట్టాడు కానీ, గని నడవడం చూడకుండానే పోయాడు. చివరికి హౌ సౌండ్ అనే కంపెనీ 1938లో ఉత్పత్తి మొదలుపెట్టి 1957 దాకా తవ్వింది. రాగితో పాటు జింక్, వెండి, బంగారం కూడా తీశారు. కార్మికుల కోసం అడవి మధ్యలో హాస్టళ్లు, భోజనశాల, ఆటలకో హాలు, అందులో బౌలింగ్ (బంతి దొర్లించి పిన్నులు పడగొట్టే ఆట) ఆడుకోవడానికి రెండు వరసలు, అన్నీ కట్టారు. గని మూతపడగానే అందరూ వెళ్లిపోయారు, ఊరు మాత్రం ఉన్నది ఉన్నట్టు మిగిలింది.

ఆ సంగతి వెస్ ప్రీబ్ అనే ఆయన చెవిన పడింది. అప్పుడాయన ఉన్నది అలాస్కాలో. ఊరు అమ్ముతారా అని కంపెనీకి ఉత్తరం రాస్తే లక్ష డాలర్లు అన్నారు. అంత డబ్బు ఎక్కడ తెస్తాడు? అయినా వదల్లేదు, మళ్లీ రాశాడు. 1960లో సియాటిల్ లూథరన్ బైబిల్ ఇన్‌స్టిట్యూట్‌లో చదువుకుంటూ ఇంకోసారి రాస్తే, ఈసారి కంపెనీ ఊరిని కానుకగా ఇస్తామంది! ఇన్‌స్టిట్యూట్ పుచ్చుకుంది, తర్వాత దాన్ని నడపడానికి విడిగా ఒక సంస్థే పెట్టారు.

చాలామంది దీన్ని అద్భుతంగా చెప్పుకుంటారు. వాళ్ల విశ్వాసాన్ని నేను కాదనను. కానీ నా లెక్కలో ఆ ఊరికి రోడ్డు లేదు, ఊరున్న నేల అటవీ శాఖది, కొనేవాడు దొరకడం కష్టం. కంపెనీ ఇచ్చింది ఎంతో, దించుకున్న బరువూ అంతే. అసలు గొప్పతనం ఆ తర్వాత వచ్చిన వాళ్లది. జీతం లేకుండా వేసవుల్లో వచ్చి కప్పులు, పైపులు బాగుచేసి, వంట చేసి ఆ ఊరిని నిలబెట్టిన వాలంటీర్లది. తొలి డైరెక్టర్ క్యారల్ హిండర్లీ ఒక మిషనరీ, రెండో ప్రపంచ యుద్ధంలో ఫిలిప్పీన్స్‌లో జపాన్ సైన్యం నిర్బంధంలో గడిపి వచ్చినవాడు. బైబిల్ చదువుతో పాటు మనసారా నవ్వుకోవడం కూడా ఉండాలని పట్టుబట్టేవాడు, ఆ తీరు అక్కడ ఇప్పటికీ ఉంది.

ఇక ఆ బరువు సంగతి. గని వదిలిన లక్షల టన్నుల వ్యర్థం ఊరి ఎదురుగా, రైల్‌రోడ్ క్రీక్ అనే వాగు ఒడ్డునే గుట్టలుగా పడి ఉండేది. వాన పడినా మంచు కరిగినా అందులోని లోహాలు వాగులోకి దిగేవి, అడుగున రాళ్లు నారింజ రంగుకి తిరిగిపోయేవి. ప్రార్థన చేసుకుని బయటికొచ్చిన వాళ్ల కళ్లకి ఎదురుగా కనిపించేది అదే. గని బాధ్యత చేతులు మారి మారి చివరికి రియో టింటో అనే గనుల కంపెనీ మీద పడింది, 2010 తర్వాత శుభ్రం చేసే పని పెద్ద ఎత్తున సాగింది. ఊరు యంత్రాలతో, పనివాళ్లతో నిండిపోయి కొన్ని వేసవుల్లో మామూలు అతిథులకు చోటే లేకుండా పోయింది. అది చాలదన్నట్టు 2015లో వుల్వరిన్ కార్చిచ్చు రేగి ఊరిని ఖాళీ చేయించారు. అగ్నిమాపక సిబ్బంది కష్టపడబట్టి ఊరు దక్కింది.

ప్రశ్న: అంటే మన పిల్లలు మే నెలలో వెళ్లే వి.బి.ఎస్. (వెకేషన్ బైబిల్ స్కూల్) లాంటిదేనా?
– ఒక పాస్టరుగారు, నరసరావుపేట

జవాబు: కాదండీ. మన వి.బి.ఎస్. మూలం వేరు. 1898లో న్యూయార్క్‌లో వర్జీనియా హాస్ అనే ఆవిడ వీధుల్లో తిరిగే పిల్లల కోసం ఒక బీరు హాలు అద్దెకు తీసుకుని బడి పెట్టారు, దాని పిల్లే ఇది. ఉదయం వెళ్లి, యాక్షన్ సాంగ్స్ పాడి, కంఠత వాక్యం అప్పజెప్పి, మధ్యాహ్నానికి ఇంటికి రావడం. క్యాంపు అంటే అక్కడే ఉండిపోవడం. అమెరికా లూథరన్లలో అది యువజన సంఘాల ద్వారా పెరిగింది, ఉదాహరణకి మిషిగన్ సరస్సు ఒడ్డున వాల్తర్ లీగ్ వాళ్ల ఆర్కేడియా క్యాంపు 1922 నాటిది. హోల్డెన్‌కి మాత్రం కుటుంబాలు కుటుంబాలే వెళ్తాయి, లూథరన్లు కానివాళ్లూ వెళ్తారు. రోజూ సాయంత్రం అందరూ కలిసి ఆరాధన, పగలు క్లాసులు, కొండలెక్కడం. బౌలింగ్ హాల్లో పడిన పిన్నుల్ని ఈరోజుకీ చేత్తోనే నిలబెట్టాలి! మన సంఘాలు కూడా పిల్లల్నే కాకుండా తల్లిదండ్రుల్నీ ఇలా నాలుగు రోజులు ఒకచోట కూర్చోబెడితే ఎంతో బాగుంటుందని నా కోరిక.

ప్రశ్న: గుంటూరు లూథరన్లకూ దీనికీ సంబంధం ఉందా?
– ఒక పాఠకుడు, చిలకలూరిపేట

జవాబు: నేరుగా లేదు. మన సంఘం 1842లో గుంటూరు వచ్చిన ఫాదర్ హయ్యర్ అనే మిషనరీతో మొదలైంది, ఆయన్ని పంపింది పెన్సిల్వేనియా లూథరన్లు. ఆంధ్ర సువిశేష లూథరన్ సంఘంగా ఏర్పడింది 1927లో. హోల్డెన్ సంగతి అంతకు ముప్పై ఏళ్ల తర్వాతిది, దేశానికి ఆ చివర పడమటి తీరం వైపుది.

ప్రశ్న: అక్క దగ్గరికి వెళ్తున్నాం. కార్లో వెళ్లిరావచ్చా?
– తెనాలి పాఠకురాలే

జవాబు: కారు సరస్సు ఒడ్డు వరకేనమ్మా. అక్కణ్ణుంచి పడవెక్కి లూసర్న్ రేవులో దిగితే, అక్కడికి విలేజ్ బస్సు వస్తుంది. మలుపులు మలుపులుగా దాదాపు 18 కిలోమీటర్లు కొండెక్కిస్తుంది. సెల్ సిగ్నల్ ఉండదు, ఇంట్లో వాళ్లకు ముందే చెప్పి వెళ్లండి, లేకపోతే ఫోన్ కలవక ఇక్కడ టెన్షన్ పడతారు. గది ముందే బుక్ చేసుకోవాలి, పడవ వేళలు కాలాన్ని బట్టి మారతాయి కాబట్టి అవీ చూసుకోండి. జూలైలో వెళ్లినా స్వెటర్ మర్చిపోవద్దు.