మనిషిని ‘అది’ అనవచ్చా?

సందేహం: ఐస్‌లాండ్ గురించిన వ్యాసం ఒకటి తెలుగు చేస్తున్నాను. స్త్రీ, పురుష అనే రెండింటిలో దేనికీ చెందమని చెప్పేవారికి ఆ భాషలో వేరే సర్వనామం ఉందట. దానికి తెలుగులో ‘అది’ అని రాయవచ్చా? ‘తను’ సరిపోతుందా?

సమాధానం: ‘అది’ మాత్రం వద్దు. మనిషిని అలా అంటే తిట్టినట్టే. ఐస్‌లాండ్ వాళ్లకూ ఇదే చిక్కు వచ్చింది. పురుషుడికి ‘హన్’, స్త్రీకి ‘హూన్’, నపుంసకానికి ‘థాద్’ అని వాళ్లకు మూడు సర్వనామాలున్నాయి. మూడోది మనిషికి నప్పలేదు. అందుకే ‘హౌన్’ అనే కొత్త మాట తెచ్చుకున్నారు. చిత్రమేమిటంటే, దాని విశేషణాలు నేటికీ నపుంసక రూపంలోనే ఉంటాయి!

ఇక ‘తను’. మాట బాగానే ఉంది కానీ క్రియ దగ్గర దొరికిపోతుంది. ‘తను వచ్చాడు’ అనాలి, లేదా ‘తను వచ్చింది’ అనాలి. తెలుగులో లింగం ప్రథమ పురుష క్రియకు అంటుకుని ఉంటుంది. సర్వనామం మార్చినంత మాత్రాన అది పోదు. (‘నేను వచ్చాను’, ‘నువ్వు వచ్చావు’ అనడంలో ఈ గొడవ లేదు. ఈ విషయంలో హిందీ కన్నా మనం నయం.)

దారి మన ఇంట్లోనే ఉంది. తలుపు చప్పుడైతే ‘ఎవరు వచ్చారు?’ అంటాం. వచ్చింది ఒక్కరే అయినా, ఆడో మగో తెలియకపోయినా మాట అదే. ‘ఒకరు’ కూడా ఇలాంటిదే. ‘ఎవడు’, ‘ఎవతె’, ‘ఒకడు’, ‘ఒకతె’ అన్నప్పుడే లింగం బయటపడుతుంది. కాబట్టి ‘హౌన్’కు ‘వారు’ అని రాసి, క్రియను ‘వచ్చారు’, ‘చెప్పారు’ అని ముగించండి. ఒకరా, పలువురా అన్న అనుమానం వచ్చే చోట పేరు మళ్లీ రాస్తే చాలు.

అలాగని అందరికీ ‘వారు’ తగిలించకండి. 2009లో ఐస్‌లాండ్ ప్రధాని అయిన యోహన్నా సిగుర్దార్‌దోత్తిర్, తాను స్వలింగ ప్రేమికురాలినని దాచుకోకుండా ప్రభుత్వాన్ని నడిపారు. 2010లో అక్కడి పార్లమెంటు 49–0 ఓట్లతో స్వలింగ వివాహ చట్టాన్ని ఆమోదించాక తన సహచరితో బంధాన్ని వివాహంగా మార్చుకున్నారు. ఎవరిని ప్రేమించినా ఆమె ‘ఆమె’యే. తాను స్త్రీనని చెప్పే ట్రాన్స్ మహిళ విషయంలోనూ అంతే.

ఆ పేరు చివర ఉన్న ‘దోత్తిర్’ అంటే కూతురు. సిగుర్దుర్ కూతురు అని అర్థం. కొడుకైతే ‘సన్’ చేరుతుంది. 2019 చట్టంతో, ఈ రెండూ వద్దనుకుని తటస్థంగా నమోదయ్యేవారికి ‘బుర్’ వచ్చింది. ప్రాచీన కవిత్వంలో దాని అర్థం కొడుకే. ఇప్పుడు సంతానం అనే అర్థంలో వాడుతున్నారు. మీరు దీన్ని ‘బిడ్డ’ అని అనువదించాలనుకుంటారేమో, తొందరపడకండి. తెలంగాణలో బిడ్డ అంటే చాలా చోట్ల కూతురే! ‘సంతానం’ అనండి, లేదా ‘బుర్’ అనే ఉంచి ఒక్కసారి వివరించండి.

‘ఆ వ్యక్తి’ అని రాసినా తప్పులేదు. కానీ క్రియ దగ్గర ఒక్క క్షణం ఆగండి. పత్రికల అలవాటు కొద్దీ వేలు ‘అన్నాడు’ అని టైపు చేసేస్తుంది.