ఉన్న ఇంజన్‌ను బోరు చేయించాలా, తుక్కు కారు ఇంజన్ పెట్టించాలా?

ప్రశ్న: నా 2013 నాటి స్విఫ్ట్ డిజైర్ డీజిల్ కారు 2,80,000 కిలోమీటర్లు తిరిగింది. నీలి పొగ వస్తోంది. వెయ్యి కిలోమీటర్లకు దాదాపు లీటరు ఆయిల్ పోయవలసి వస్తోంది. ఇంజన్ బోరుకొచ్చిందని, దించి పని చేయాలని మా మెకానిక్ అంటున్నారు. ప్రమాదంలో దెబ్బతిన్న ఇదే మోడల్ కారు ఇంజన్ విజయవాడ ఆటోనగర్‌లో ఉందని, అది తెచ్చి పెట్టిస్తే రెండు రోజుల్లో పని అయిపోతుందని మా బావమరిది అంటున్నాడు. ఏది మేలు?
– ఒక పాఠకుడు, రాజోలు

జవాబు: ఇంజన్ నిజంగా బోరుకొచ్చిందో, అంటే సిలిండర్ల లోపలి గోడలు (బోరు), పిస్టన్ల రింగులు అరిగాయో లేదో ముందు తేల్చుకోవాలి. నీలి పొగ అంటే ఆయిల్ కాలుతోందని అర్థమే గాని, అది రింగుల దగ్గరే కాలుతోందని అర్థం కాదు. పొద్దున స్టార్ట్ చేసినప్పుడు కాసేపు పొగ వచ్చి తరువాత ఆగిపోతుంటే వాల్వు సీళ్లు గట్టిపడి ఉండవచ్చు. టర్బో (ఇంజన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టే భాగం) నుంచి గాలి వెళ్లే గొట్టం విప్పినప్పుడు పల్చని జిడ్డుకు బదులు ఆయిల్ మడుగు కట్టి కనిపిస్తే టర్బోనే అనుమానించాలి. ఈ రెండింటికీ ఇంజన్ దించి బోరు చేయించవలసిన పని లేదు. లోడు మీద ఎడతెగకుండా పొగ వస్తూ, ఇంజన్ తిరుగుతుండగా ఆయిల్ మూత తీస్తే ఆవిరి ఉధృతంగా ఎగదన్నుతూ ఉంటే అప్పుడు రింగులు, బోరు అరిగాయనుకోవచ్చు.

దానిని కంప్రెషన్ పరీక్షతో, అంటే సిలిండర్లలో గాలి ఎంత ఒత్తిడికి కుదించుకుంటోందో కొలిచే పరీక్షతో నిర్ధారించుకోండి. బాగున్న డీజిల్ ఇంజన్‌లో సాధారణంగా 25 నుంచి 30 బార్ల వరకు చూపుతుంది గాని, అంకె కన్నా నాలుగు సిలిండర్ల మధ్య తేడా ఎక్కువ విషయం చెబుతుంది. ఈ పరీక్షకు గ్లో ప్లగ్గులు (చల్లని ఇంజన్ స్టార్ట్ కావడానికి సిలిండర్లను వేడిచేసేవి) విప్పాలి. ఇంత తిరిగిన ఇంజన్‌లో అవి హెడ్‌లోనే విరిగిపోయే ప్రమాదం ఉంది కనుక, ఇంజన్ వేడిగా ఉన్నప్పుడే నిదానంగా విప్పమని చెప్పండి. మన ప్రాంతంలో ఇంకొక చిక్కు కూడా ఉంది. కోనసీమ అంతా చదునైన నేల, ఎత్తు అంటే వంతెనలే కాబట్టి ఇంజన్ బలం తగ్గిన సంగతి చాలా ఆలస్యంగా తెలుస్తుంది. మారేడుమిల్లి ఘాట్ ఎక్కేదాకా బండి బాగానే ఉందనుకునేవారు ఎందరో.

పరీక్షలో బోరే దోషమని తేలితే, బ్లాకు (సిలిండర్లు ఉండే ఇంజన్ ప్రధాన భాగం), క్రాంక్‌షాఫ్ట్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) పనికొచ్చే స్థితిలో ఉన్నంతవరకు మీ ఇంజన్‌నే బాగుచేయించుకోవడం మేలని నా అభిప్రాయం. దాని చరిత్ర మీకు తెలుసు. ఇంజన్ నంబరు మారదు కనుక కాగితాల బెడద ఉండదు. అయితే ఆ పని కొలతల మీద జరగాలి. మీ 1248 సీసీ ఇంజన్ అసలు బోరు 69.6 మిల్లీమీటర్లు. ప్రతి సిలిండరును పైన, మధ్యన, కింద, రెండు దిక్కులా బోర్ గేజితో కొలిపించి, అంకెలు కాగితం మీద రాయించుకోండి. బోరు గుండ్రతనం 0.05 మిల్లీమీటర్లకు మించి తప్పితే, కొత్త రింగులు మాత్రమే వేసి సరిపెట్టడం డబ్బు దండగ, ఎందుకంటే గుండ్రని రింగు కోలగా అరిగిన బోరులో ఆనదు. ఓవర్‌సైజు (అసలు కొలత కన్నా కాస్త పెద్ద) పిస్టన్లు ముందుగా కొని బోరింగ్ షాపుకు ఇవ్వాలి. పిస్టన్‌ను కొలిచి దానికి తగినట్టు బోరు కొట్టాలి గాని, ముందు బోరు కొట్టేసి తరువాత పిస్టన్లు వెతకరాదు. హెడ్ బోల్టులు, ఆయిల్ సీళ్లు, బేరింగులు, వాటర్ పంపు కొత్తవే వేయించండి.

వాల్వులు సరైన వేళకు తెరుచుకునేలా చూసే టైమింగ్ చైన్ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఈ ఇంజన్‌లో పట్టే ఆయిల్ సుమారు మూడు లీటర్లే. అందులో లీటరు తగ్గితే ఏమవుతుందో ఆలోచించండి: చైన్‌ను బిగువుగా పట్టి ఉంచే టెన్షనర్ ఆయిల్ ప్రెషర్ మీదే పనిచేస్తుంది, ప్రెషర్ పడిపోయి చైన్ పళ్లు దాటితే వాల్వులు పిస్టన్లకు తగులుతాయి. కాబట్టి ఏ దారి ఎంచుకున్నా చైన్ కిట్ మొత్తం మార్చవలసిందే. అప్పటిదాకా రెండు రోజులకొకసారి డిప్‌స్టిక్ చూసుకోవడం మరవకండి.

పిస్టన్‌ను క్రాంక్‌కు కలిపే కనెక్టింగ్ రాడ్డు బ్లాకును చీల్చుకుని బయటికి వచ్చినా, క్రాంక్ పగిలినా పాత ఇంజన్ తెచ్చుకోవడమే దారి. అప్పుడు కూడా మీటరులో కనిపించే కిలోమీటర్లను నమ్మవద్దు. వీలైతే ఆ కారులోనే స్టార్ట్ చేయించి వినండి. ముందు నుంచి గుద్దుకున్న బండి అయితే క్రాంక్ పుల్లీ, మౌంటింగుల దగ్గర చిట్లిందేమో చూడండి. ఇదే ఇంజన్‌ను ఫియట్ మల్టీజెట్ పేరుతో, టాటా క్వాడ్రాజెట్ పేరుతో అమ్మింది కనుక, పుంటో ఇంజనో విస్టా ఇంజనో చూపించి రెండూ ఒకటే అనే వ్యాపారులుంటారు. మూలం ఒకటే గాని మౌంటింగులు, వైరింగ్, ఈసీయూ (ఇంజన్‌ను నడిపే కంప్యూటర్) వేరు. ఎర్టిగాలోని 90 హార్స్‌పవర్ రకానికి టర్బో కూడా వేరు. మీ తాళం మీ ఈసీయూతోనే జతపడి ఉంటుంది కనుక మీ పాత ఈసీయూనే ఉంచుకుని, కొత్తగా వచ్చిన ఇంజెక్టర్ల కోడ్లు అందులో ఎక్కించాలి.

ఇంకొక లెక్క: సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు. మీది 2028లో ముగుస్తుంది, ఆ తరువాత ఫిట్‌నెస్ చూపి అయిదేళ్లకు పొడిగించుకోవాలి. అంతకాలం ఉంచుకునే ఉద్దేశం లేకపోతే పెద్ద ఖర్చు పెట్టకండి.

ప్రశ్న: వరదలో మునిగిన కారు ఇంజన్ సగం ధరకే ఇస్తామంటున్నారు. లోపల తుడిచి వాడుకోవచ్చా?
– ఒక పాఠకుడు, పాలకొల్లు

జవాబు: అది నిలిపి ఉంచగా మునిగిందా, నడుస్తుండగా నీరు మింగిందా అన్నదాని మీద చాలా ఆధారపడి ఉంటుంది. 2022 జూలై గోదావరి వరదలో లంక గ్రామాల్లోను, 2024 సెప్టెంబరులో విజయవాడ వరదలోను ఎన్నో బండ్లు నీట మునిగాయి. నీరు గాలిలా కుదించుకుపోదు కనుక, నడుస్తున్న ఇంజన్ దానిని పీల్చుకుంటే కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. బయటికి ఏమీ కనిపించదు. హెడ్ విప్పి, నాలుగు పిస్టన్లూ పైకి వచ్చినప్పుడు ఎత్తు సమానంగా ఉందో లేదో డయల్ గేజితో కొలిస్తే బయటపడుతుంది. నిలిపి ఉంచగా మునిగినదైతే, వెంటనే ఆయిల్ తీసి శుభ్రం చేసి ఉంటే బ్లాకు వరకు పనికిరావచ్చు. వారాల తరబడి వదిలేసినది వద్దు. ఎయిర్ ఫిల్టర్ పెట్టెలో, స్టార్టర్‌లో ఒండ్రు మరక, ఆయిల్ పాలు కలిపిన కాఫీ రంగులో ఉండటం మునిగిన బండికి గుర్తులు. రొయ్యల చెరువుల దగ్గరో సముద్రపు పోటు నీటిలోనో మునిగినదైతే ఉప్పు అల్యూమినియం హెడ్‌ను, బేరింగులను తినేస్తుంది కనుక ఉచితంగా ఇచ్చినా తీసుకోవద్దు. ఎలాంటి నీటిలో మునిగినదైనా దాని ఇంజెక్టర్లు, డీజిల్ పంపు పక్కన పెట్టేయండి.

ప్రశ్న: ఇంజన్ మార్చినట్టు ఆర్టీవో కార్యాలయంలో చెప్పాలా?
– ఒక పాఠకురాలు, తణుకు

జవాబు: తప్పక చెప్పాలి, అదీ ముందుగానే. రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చరాదని 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది. ఇంజన్ నంబరు ఆ వివరాల్లో ఒకటి. అనుమతి తీసుకుని మార్చాక కొత్త నంబరును పత్రంలో ఎక్కించుకుని, బీమా కంపెనీకి కూడా తెలియజేయండి, లేకపోతే క్లెయిమ్ సమయంలో నంబరు కలవలేదని అభ్యంతరం వస్తుంది. అమ్మేవారి దగ్గర బిల్లు, పాత కారు రిజిస్ట్రేషన్ పత్రం నకలు అడగండి. ఇంజన్ మీద చెక్కిన నంబరు ఆ పత్రంతో సరిపోలకపోయినా, నంబరు గీకినట్టు కనిపించినా బేరం అక్కడితో మానుకోండి.