వాన చుక్క నుంచి దూలం దాకా: ఒక యువ రచయితకు లేఖ

చిరంజీవికి శుభాశీస్సులు.

నీ వ్యాసం శ్రద్ధగా చదివాను. వాననీటి పరీక్షనూ, కంప్యూటర్‌లో కట్టిన ఆర్‌సీసీ (ఉక్కు కడ్డీలు వేసిన కాంక్రీటు) దూలం నమూనానూ ఒకే వ్యాసంలోకి తేవాలన్న ఆలోచన నాకు చాలా నచ్చింది. రసాయన పరీక్షలు చేసేవాళ్లు ఒకవైపు, నిర్మాణ ఇంజనీర్లు ఇంకోవైపు ఎవరి పని వాళ్లు చేసుకుపోతుంటారు. ఇద్దరి మాటా వినగలిగి, పాఠకులకు అందేలా రాసేవాళ్లు తక్కువ. నువ్వు ఆ పనికి పూనుకున్నావు కాబట్టే ఇంత పెద్ద ఉత్తరం రాస్తున్నాను.

ముందుగా ఒక మాట. 'ఆమ్ల వర్షం కాంక్రీటు దూలాలను తినేస్తోంది' అన్న నీ మొదటి వాక్యం తీసేయి. వానకూ దూలానికీ మధ్య ఎన్నో అంచెలున్నాయి. ఆ వాక్యం వాటన్నిటినీ ఒక్క గెంతులో దాటేసింది. పాఠకుడికి ఆ అంచెలు చూపించడమే నీ వ్యాసం చేయాల్సిన పని.

కాలుష్యం లేని వాననీరు కూడా కొద్దిగా ఆమ్లంగానే ఉంటుంది. ఆమ్లతను కొలిచే అంకె పీహెచ్: 7 తటస్థం, అంతకంటే తగ్గేకొద్దీ ఆమ్లత ఎక్కువ. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ కరగడం వల్ల వాననీటి పీహెచ్ సుమారు 5.6 దగ్గర నిలుస్తుంది. నువ్వు మాత్రం 7కు దిగువన ఉన్న ప్రతి నమూనానూ ఆమ్ల వర్షం కింద జమకట్టావు. మాంచెస్టర్ వానను పరీక్షించిన రసాయన శాస్త్రవేత్త రాబర్ట్ ఆంగస్ స్మిత్ 1872 నాటి తన పుస్తకంలో 'ఆమ్ల వర్షం' అన్న మాట వాడాడు. ఆ మాటను తేలికగా వాడకు.

నీ పట్టికలో ఇంకో లోపముంది. రెండు వానల పీహెచ్ 4, 6 అని ఇచ్చి, సగటు 5 అన్నావు. పీహెచ్ లాగరిథమ్ కొలత. ఒక్క అంకె తేడా వస్తే ఆమ్లతకు కారణమైన హైడ్రోజన్ అయాన్లు పది రెట్లు మారతాయి. పీహెచ్ 4 ఉన్న నీటిలో అవి లీటరుకు 100 మైక్రోమోల్‌లు, పీహెచ్ 6 ఉన్న నీటిలో 1 మాత్రమే. రెండు వానలూ సమానంగా కురిశాయనుకుంటే సగటు 50.5. దాన్ని తిరిగి పీహెచ్‌లోకి మారిస్తే 4.3 అవుతుంది. అంటే నువ్వు చెప్పినదానికంటే ఆమ్లత ఐదు రెట్లు ఎక్కువ! ఒకటి చిరుజల్లు, ఇంకొకటి కుండపోత అయితే, ఎంత నీరు కురిసిందో చూసి ఆ నిష్పత్తిలో సగటు కట్టాలి.

పీహెచ్ ఒక్కటీ చూసి ఆగిపోకు. పరీక్ష నివేదికలో సల్ఫేట్, నైట్రేట్, క్లోరైడ్ వంటి ఋణ అయాన్లు ఉంటాయి. కాల్షియం, మెగ్నీషియం, సోడియం, పొటాషియం, అమోనియం, హైడ్రోజన్ వంటి ధన అయాన్లూ ఉంటాయి. మొత్తంగా చూస్తే నీటికి విద్యుదావేశం ఉండదు. అందుకే రెండు వర్గాలనూ మైక్రోఈక్వివలెంట్లలో (అయాన్ల ఆవేశాన్ని లెక్కలోకి తీసుకునే కొలతలో) విడివిడిగా కూడితే మొత్తాలు దాదాపు సమానం కావాలి. కాలేదంటే ఏదో ఒకటి కొలవలేదన్నమాట, లేదా కొలతలో పొరపాటు జరిగింది. బైకార్బనేట్‌నో సేంద్రియ ఆమ్లాలనో వదిలేసి ఉండవచ్చు. ఈ సరిచూపు అంటే నాకు ఎంతో గౌరవం. నువ్వు దీన్ని చివర చిన్న అక్షరాల్లో పెట్టావు. వ్యాసం నడుమకు తీసుకురా.

ఈ అయాన్ల లెక్క చూస్తేనే తెలిసే సంగతి ఇంకొకటి ఉంది. గాలిలో సున్నపు ధూళి ఎక్కువగా ఉన్నచోట కాల్షియం ఆమ్లాన్ని తటస్థం చేస్తుంది. అప్పుడు పీహెచ్ 6 దాటినా నీటిలో సల్ఫేట్ దండిగా ఉండవచ్చు. పీహెచ్ బాగుందని వానను నిర్మలమని రాస్తే అబద్ధం రాసినట్టే. నమూనా ఎలా పట్టారో కూడా అడుగు. రోజంతా తెరిచి ఉంచిన గరాటులో వానతోపాటు ధూళీ చేరుతుంది. చినుకు పడినప్పుడే మూత తెరుచుకునే పరికరంలో అలా జరగదు. వాన మొదట్లో పడే నీటికీ తరువాత పడే నీటికీ కూడా చాలా తేడా ఉంటుంది.

ఇక కాంక్రీటు. దాని లోపలి సూక్ష్మరంధ్రాల్లోని నీటి పీహెచ్ 12.5కు పైనే ఉంటుంది. ఆ క్షారంలో ఉక్కు కడ్డీ మీద పలుచని ఆక్సైడ్ పొర ఏర్పడి తుప్పును ఆపుతుంది. పైన పడిన వానలోని ఆమ్లం ఉపరితలంలోని సున్నంతోనే చాలావరకు ఖర్చయిపోతుంది. కడ్డీకి అసలు ముప్పు తెచ్చేవి రెండు: లోపలికి చొరబడి ఆ క్షారాన్ని తగ్గించే కార్బన్ డయాక్సైడ్, ఆ పొరను ఛేదించే క్లోరైడ్. కార్బన్ డయాక్సైడ్ చొరబడే లోతు సుమారుగా కాలపు వర్గమూలాన్ని అనుసరిస్తుంది. 10 ఏళ్లలో 10 మిల్లీమీటర్లు వెళ్తే, 20 మిల్లీమీటర్లు చేరడానికి 40 ఏళ్లు పడుతుంది.

ఇక్కడ వాన పాత్ర నువ్వు అనుకున్నంత సూటిగా లేదు. సముద్రపు గాలి తగిలే చోట, వాన తడిపే ముఖం మీది ఉప్పును వానే కడిగేస్తుంది. వాన తగలని అడుగు భాగంలో ఆ ఉప్పు పేరుకుంటుంది. రంధ్రాలు నీటితో నిండి ఉంటే కార్బన్ డయాక్సైడ్ నెమ్మదిగా వెళ్తుంది. మళ్లీ అదే నీరు లేకపోతే తుప్పు సాగదు. వాన దూలానికి మేలు చేస్తుందా, కీడు చేస్తుందా అని ఎవరైనా నన్ను అడిగితే, దూలంలో ఏ వైపు సంగతి అడుగుతున్నారని ఎదురు ప్రశ్న వేస్తాను. నీ వ్యాసంలో ఈ చిక్కు కనిపించాలి. విషయం అందం అందులోనే ఉంది.

కంప్యూటర్ నమూనా దగ్గర నువ్వు మరీ భక్తిగా రాశావు. ఆర్‌సీసీ దూలానికి ఫైనైట్ ఎలిమెంట్ పద్ధతిని (దూలాన్ని చిన్న ముక్కలుగా విడగొట్టి లెక్కించే పద్ధతిని) మొదట వాడిన పరిశోధకులు ఎన్గో, స్కోర్డెలిస్ 1967లో ప్రచురించిన పనిలో పగుళ్లు ఎక్కడుండాలో ముందే నిర్ణయించి పెట్టారు. ఇప్పుడు పగుళ్లు ఎక్కడ వస్తాయో ప్రోగ్రామే చూపిస్తుంది. అయినా దూలాన్ని ఎంత చిన్న ముక్కలుగా విడగొట్టారన్నదాన్ని బట్టి జవాబు మారిపోవచ్చు. పగులు తెరుచుకోవడానికి పట్టే శక్తిని ముక్క పరిమాణంతో సరిగా ముడిపెట్టకపోతే, ముక్కలు చిన్నవయ్యేకొద్దీ దూలం బలహీనంగా కనిపిస్తుంది. ముక్కల పరిమాణం సగం చేసి మళ్లీ లెక్కించారా? నిజమైన దూలం మీద బరువు పెంచుతూ, మధ్యలో ఎంత వంగిందో కొలిచిన వక్రరేఖతో పోల్చారా? కంప్యూటర్ చూపే వంకాయరంగులో మెరిసే బొమ్మ కంటే ఈ రెండు జవాబులూ పాఠకుడికి ఎక్కువ ఉపయోగం.

వ్యాసంలోని అసలు వెలితి మాత్రం వేరే చోట ఉంది. నమూనాలో తుప్పును కడ్డీ మందం తగ్గించి చూపారని రాశావు. ఎంత తగ్గించారు? తుప్పు పట్టేటప్పుడు కడ్డీలో పుట్టే విద్యుత్ ప్రవాహం చదరపు సెంటీమీటరుకు 1 మైక్రోఆంపియర్ అయితే, ఉక్కు ఏడాదికి సుమారు 11.6 మైక్రోమీటర్ల లోతున పోతుంది. 16 మిల్లీమీటర్ల కడ్డీ చుట్టూ సమానంగా 20 ఏళ్లు పోతే, అడ్డుకోత వైశాల్యం దాదాపు 6 శాతం తగ్గుతుంది. క్లోరైడ్ వల్ల తుప్పు గుంటలుగా పడితే ఒక్కోచోట నష్టం ఇంతకు ఎన్నో రెట్లు లోతుగా ఉంటుంది. తుప్పు ఉబ్బి కాంక్రీటును పగలగొడితే, కడ్డీకీ కాంక్రీటుకూ మధ్య పట్టు కూడా సడలుతుంది.

ఈ తుప్పు వేగం వాననీటి నివేదికలోంచి నేరుగా రాదు. పీహెచ్ వేసి తుప్పు వేగం తీసే సూత్రమేదీ లేదు. కాబట్టి దూలం నమూనా కట్టిన పరిశోధకుల దగ్గరకు మళ్లీ వెళ్లు. తుప్పు వేగాన్ని కడ్డీ మీద కొలిచారా, ఎక్కడి నుంచైనా తీసుకున్నారా, ఊహించారా అని అడుగు. కడ్డీకీ కాంక్రీటుకూ మధ్య పట్టును తగ్గించారో లేదో కూడా అడుగు. ఏం చెప్పినా వాళ్ల మాటల్లోనే రాసుకో. ఊహించామని చెబితే, ఆ సంగతి దాచకుండా రాయి. జవాబులు వచ్చాక వ్యాసం మళ్లీ రాసి, పట్టికలతో సహా నాకు పంపు. అయాన్ల మొత్తాలు ఇద్దరం కలిసి కూడి చూద్దాం.

ఆశీస్సులతో.