చీటీ చూసి ఫిడేలు కొనకు

చిరంజీవి స్వాతికి పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫోటోలు చూశాను. లియోన్‌లో పాతసామాన్ల కొట్టులో ఫిడేలు, లోపల 'జాఁ బాతిస్త్ వియోమ్, పారిస్' అని చీటీ, తొమ్మిది వేల యూరోలు, ఆదివారంలోగా తేల్చమన్నాడు కొట్టువాడు. నిన్న మీ అమ్మ ఫోన్ చేసి, "బావగారూ, కోటి రూపాయల ఫిడేలట కదా!" అంది. ముందు ఆవిడ టెన్షన్ తగ్గించు.

వియోమ్ అంటే పందొమ్మిదో శతాబ్దంలో పారిస్‌లో పేరు మోసిన ఫిడేళ్ల తయారీదారు. నిజమైన వియోమ్ ఫిడేలు మంచి స్థితిలో ఉంటే లక్ష యూరోలు దాటే పలుకుతుంది. మేలైనవి రెండు లక్షలూ దాటాయి. అలాంటిదాన్ని తొమ్మిది వేలకు ఇస్తున్నాడంటే అతనికి దాని సంగతి తెలియకపోయి ఉండాలి, లేదా బాగా తెలిసి ఉండాలి. నా అనుభవంలో రెండోదే ఎక్కువ. ముప్పై ఏళ్ల కిందట పారిస్‌లో ఉద్యోగం చేస్తూ నేనూ ఇలాంటి చీటీ చూసే ఒక కొట్టులో నాలుగు నెలల జీతం పోశాను. తర్వాత మరమ్మతుకు తీసుకెళ్తే అక్కడి పెద్దాయన లోపలికి అద్దం పెట్టి చూసి, ఏమీ అనకుండా నాకు కాఫీ ఇచ్చాడు. ఆ కాఫీతోనే నాకు అర్థమైపోయింది.

అసలు కథ మీర్‌కూర్‌లో ఉంది. ఫ్రాన్స్‌లోనే వోజ్ ప్రాంతంలో చిన్న ఊరది, ఫిడేళ్ల పనే దాని బతుకు. వియోమ్ 1798లో అక్కడే పుట్టి, 1818లో పారిస్ చేరి, 1828లో సొంత కొట్టు పెట్టుకున్నాడు. అప్పట్లో కొత్త ఫిడేలు ఎవరికీ అక్కర్లేదు, అందరికీ పాత ఇటాలియన్‌వే కావాలి. అందుకని స్ట్రాడివారి, గ్వార్నేరి ఫిడేళ్లకు నకళ్లు తీశాడు. వార్నిష్ అరిగినట్టు, అంచులు వాడినట్టు కనిపించేలా చేశాడు. మహా ఫిడేలు విద్వాంసుడు పగనీని తన గ్వార్నేరిని మరమ్మతుకు ఇస్తే, వియోమ్ దానికి నకలు తీసి, అసలూ నకలూ పక్కపక్కన పెట్టి ఏది ఏదో చెప్పమన్నాడని, పగనీని వాయించాకే పోల్చుకున్నాడని చెబుతారు. ఆ నకలు తర్వాత పగనీని శిష్యుడు సివోరికి దక్కింది. వియోమ్ చేతిలో అసలు సరుకు కూడా తిరిగింది. తారిసియో అనే ఇటాలియన్ ఫిడేళ్ల వ్యాపారి 1854లో పోయాక, మరుసటి ఏడాది వెళ్లి అతని పాత ఫిడేళ్ల నిధినంతా కొనేశాడు. ఇప్పుడు ఆక్స్‌ఫర్డ్ మ్యూజియంలో ఉన్న 'మెసయా' అనే స్ట్రాడివారి ఫిడేలు అందులోదే. చనిపోయేదాకా దాన్ని ఎవరికీ అమ్మలేదు.

నకళ్లతో పేరు తెచ్చుకున్నవాడికే తర్వాత నకళ్లు పుట్టాయి. మీర్‌కూర్ ఫ్యాక్టరీల్లో చవకగా తయారైన వేల ఫిడేళ్లలో గొప్పవాళ్ల పేర్లతో చీటీలు అతికించేవారు. చీటీ అంటే కాగితమూ జిగురూ, అంతే. పైగా ఆయన కొట్టు సరుకంతా ఆయన చేతిదే కాదు. మూడు వేలకు పైగా వాయిద్యాలు ఒక్కడు చేయగలడా? ఎందరో పనివాళ్లు చేసేవారు. మీర్‌కూర్‌లో ఆయన తమ్ముడు నికొలా 'స్టెంటర్' ముద్రతో చేసిన చవక రకం కూడా ఉంది. అది అబద్ధపు సరుకు కాదు, కానీ ధరలో దానికీ పారిస్ కొట్టు సరుకుకీ ఆకాశానికీ నేలకూ ఉన్నంత తేడా.

కాబట్టి శనివారం వెళ్లేటప్పుడు చిన్న టార్చి, పళ్ల డాక్టర్లు వాడే అద్దం పట్టుకెళ్లు. చీటీ వదిలేసి వెనక పలక లోపలి వైపు చూడు. ఆయన వాయిద్యాల్లో చాలావాటికి మధ్యన వరస నంబరు, పైభాగంలో సంవత్సరపు చివరి రెండంకెలు కలిపిన సంతకం, చిన్న కాల్చిన ముద్ర ఉంటాయి. ఇవి ఉన్నంత మాత్రాన గంతులెయ్యకు. ఇవన్నీ పుస్తకాల్లో ఉన్నాయి, దొంగలూ చదువుకుంటారు. లేకపోతే మాత్రం అక్కడే దండం పెట్టి వచ్చెయ్.

అన్నీ ఉంటే డబ్బు కట్టక ముందే పారిస్‌లో రూ ద రోమ్ వీధికి తీసుకెళ్లడానికి ఒప్పుకుంటాడేమో అడుగు. అక్కడ వరసగా ఫిడేలు పనివాళ్ల కొట్లే. పేరున్న నిపుణుడి సర్టిఫికెట్ లేకపోతే ఏ కొనుగోలుదారూ పెద్ద ధర ఇవ్వడు. పై పలక చెక్క వలయాలు లెక్కపెట్టే పరీక్ష కూడా ఉంది. ఆ చెట్టు వియోమ్ పోయిన 1875 తర్వాత కూడా పెరిగినట్టు తేలితే ఇక వాదన లేదు. అంతకుముందుదే అయినా ఆయన చేశాడని మాత్రం రుజువు కాదు. ఇంకో సంగతి, వెనక పలక మీద సౌండ్‌పోస్ట్, అంటే లోపల రెండు పలకల మధ్య నిలబెట్టే చిన్న కర్ర, ఉండే చోట పగులు ఉందేమో ఆ నిపుణుణ్ణి చూడమను. ఆ ఒక్క పగులుతో అసలు వియోమ్ ధర కూడా బాగా పడిపోతుంది.

నీకు వాయించుకోడానికే కావాలంటే వేరే మాట. కింద కూర్చుని, ఫిడేలు తలను పాదం మీద ఆనించి, గమకాలకు చెయ్యి జార్చే మన పద్ధతిలో చెమట వార్నిష్‌ను తినేస్తుంది. అంత ఖరీదైనదాన్ని ఒళ్లో పెట్టుకుని భయంభయంగా వాయిస్తావా? మంచి పనివాడు సరిచేసిన మామూలు మీర్‌కూర్ ఫిడేలు రెండు మూడు వేల యూరోల్లో దొరుకుతుంది. నా దగ్గరున్నది అదే, ఆ నాలుగు నెలల జీతం. మోసపోయి కొన్నా, దాని నాదం ఇప్పటికీ నాకు ఇష్టమే.

రెండో ఫోటోలో పెట్టెలో కమాను కూడా కనిపిస్తోంది. దాని గురించి నువ్వు ఒక్క ముక్కా రాయలేదు! చెయ్యి పట్టుకునే చోట కర్ర మీద 'వియోమ్' ముద్ర ఉందేమో దగ్గర నుంచి ఫోటో తీసి పంపు. ఆయన కొట్టుకు పెకాత్, వ్వారాఁ లాంటి మహా కమాను పనివాళ్లు పనిచేశారు. అలాంటి చేతిదైతే ఆ కర్ర ఒక్కటే ఫిడేలు కంటే ఎక్కువ చేస్తుంది. కొనకు ఉన్న తెల్లటి పలక ఏనుగు దంతం కావచ్చు, కాగితాలు లేకుండా దాన్ని దేశం దాటించకూడదు. అతనితో మాత్రం కమాను మాట ఎత్తకు.

పెదనాన్న